పడవలు చూసే దిక్కు

మహేశ్వర్ సారు నోటి నుంచి "నాకు తెలీదు" అనే మాట వినినోళ్లు ఎమ్మిగనూరులో ఎవరూ లేరు. ఆయన భార్య గౌరి ఇరవై నాలుగేండ్లుగా కాచుకోని ఉంది, ఆమె కూడా వినలేదు.

దోవ అడిగినోనికి దోవ చెప్తాడు. ఆ దోవ ఆయనకు తెలుసునా లేదా అనేది వేరే విషయం. ఒకసారి తమిళనాడు లారీ ఇంటి ముందర నిలబెట్టి, బళ్లారికి యాడ తిరగల్లని డ్రైవరు అడిగితే, సారు మెట్లు దిగొచ్చి చెయ్యెత్తి మూడు మలుపులు చెప్పినాడు. పొద్దుగూకేతలికి ఆ లారీ వేరే దిక్కునుండే దేవనకొండలో తేలింది. డ్రైవరు తిరిగొచ్చి కొట్లాడలేదు కాబట్టి సారు లెక్కలో అది సరైన దోవే. మోకాళ్ల నొప్పికి ఏం రాయల్ల, బోరు ఏ మూల వేస్తే నీళ్లు పడతాయి, పిల్లోనికి ఏ కోర్సు మంచిది, అన్నిటికీ ఆయన కాడ జవాబు ఉంటుంది. నీళ్లు పడకుంటే అది బోరు వేసినోని తప్పు.

ఉద్యోగం ఆదోనిలో. గవర్నమెంటు హైస్కూల్లో సోషల్ సారు. ప్లాటు చౌకగా వచ్చిందని ఇల్లు మాత్రం ఎమ్మిగనూరులో కట్టుకున్నాడు, ఆ చౌక ప్లాటు పుణ్యాన పద్దెనిమిదేండ్లుగా దినమూ బస్సెక్కుతాండాడు. బస్సులో పక్కన కూచున్నోనికి కిటికీలో కనపడే గుట్టలు ఏ కాలంలో పుట్టినాయో చెప్తాడు. పక్కనోడు నిద్రపోయినా ఆపడు. పాఠం మధ్యలో ఆపకూడదని ఆయన రూలు.

హాల్లో సోఫా కొని ఆరేండ్లయింది, ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. సోఫా కొత్తగానే ఉంది. ఎండాకాలంలో దాని మీద కూచోని లేసినోళ్ల తొడలే పాతబడినాయి. సోఫాకు ఎదురుగా గోడ మీద దేవుళ్ల పటాలు, వాటి కింద వరసలో లామినేషన్ చేయించిన పేపరు ముక్క ఒకటి.

ఆ ముక్కకు ఒక కథ ఉంది. మూడేండ్ల కిందట కౌతాళం మనిషి లక్ష్మప్ప ఎల్లెల్సీ కాలువ గట్టు మీద కాలుజారి నీళ్లలో పడినాడు. తుంగభద్ర డ్యాము నుంచి వచ్చే కాలువ అది. గేటు ఎత్తితే నీళ్లొస్తాయి, దించితే నిలబడతాయి, ఎప్పుడు పారినా ఒకే దిక్కుకు పారతాయి. రెండు దినాలు వెతికినా మనిషి దొరకలేదు. సారు పోయి గట్టు మీద నిలబడి, చీపురుపుల్ల ఒకటి నీళ్లలో వేసి, వాచీ చూసుకోని, అరచేతిలో పెన్నుతో లెక్క గట్టి, మూడో తూము కాడ చూడండి అన్నాడు. ఆడనే దొరికినాడు. మరుసటి దినం పేపర్లో, కాలువ పక్క వేలు చూపిస్తాండే సారు ఫోటో పడింది. లక్ష్మప్ప ఫోటో లోపలి పేజీలో పడింది, చిన్నది.

అప్పటి నుంచి ఆ చుట్టుపక్కల నీళ్ల విషయంలో సారు మాటే మాట.

అంజనమ్మ ఆ ఇంట్లో ఆరేండ్లుగా బోకులు తోముతాంది. ఆమెకు కాఫీ పోసే గ్లాసు వెనక కిటికీ మీద వేరేగా ఉంటుంది. గౌరి దాన్ని వేరే గ్లాసు అని ఏనాడూ అనలేదు, మర్యాదగా 'అంజనమ్మ గ్లాసు' అంటుంది. అంజనమ్మ మొగుడు యేసేపు మార్కెట్ యార్డులో మూటలు మోస్తాడు. వాళ్లకు ఒక్కడే కొడుకు, ఉరుకుందు. పుట్టినప్పుడు జబ్బు చేస్తే ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకోని పెట్టిన పేరు. తర్వాత వాళ్లు చర్చికి పోను మొదలుపెట్టినారు, పేరు మాత్రం మార్చలేదు. పాస్టరు రెండుసార్లు అడిగి గమ్మునైపోయినాడు.

ఉరుకుందు ఆదోనిలో హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా సారు కాడనే చదివినాడు. ఇప్పుడు ఇరవై మూడేండ్లు. ఈడ పత్తి తీతలు అయిపోతానే, మేస్త్రి రంగన్న గుంపు కట్టుకోని సముద్రం పక్క జిల్లాలకు మిరపకాయల కోతకు పోతాడు. సుగ్గికి పోవడం అంటారు దాన్ని. ఉరుకుందు మూడేండ్లుగా ఆ గుంపులోనే పోతాండాడు.

మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం. కొళాయి నీళ్లు ఐదు దినాలకు ఒకసారి వచ్చే కాలనీ అది, ఆ దినం వాళ్ల వంతు. ఇంటింటా మోటర్లు అరుస్తాండాయి. సారు లుంగీ ఎగ్గట్టి నాలుగో డ్రమ్ముకు పైపు పెట్టి, ఐదో డ్రమ్ము పక్క చూస్తాండాడు. అప్పుడు అంజనమ్మా యేసేపూ ముందర గేటు తీసుకోని లోపలికొచ్చినారు. ఆరేండ్లలో ఆమె ముందర గేటులోనుంచి రావడం అదే మొదలు.

రంగన్న ఫోన్ చేసినాడంట. ఆదివారం కోత లేదని గుంపు అంతా పొలాల పక్కనుండే ఏటి కాడికి పోయినారంట, ఏరు సముద్రంలో కలిసే మొగ చూద్దామని. ఏటి నడుమ ఇసుక దిబ్బ ఉంది. ఒంటిగంటప్పుడు మోకాలు లోతు నీళ్లలో నడిచిపోయి దిబ్బ ఎక్కినారు, ఫోటోలు దిగినారు, తినినారు, పండుకున్నారు. మూడప్పుడు తిరిగొస్తాంటే అదే దోవలో రొమ్ముల దాకా నీళ్లొచ్చినాయి. మిగతా వాళ్లు ఒకరినొకరు పట్టుకోని ఒడ్డున పడినారు. ఉరుకుందు చెప్పులు దిబ్బ మీద మర్చిపోయినానని మళ్లీ వెనక్కి తిరిగినాడంట. అంతే.

యేసేపు ఇదంతా నిలబడే చెప్పినాడు. సోఫా మీద కూచోమని సారు అన్నాడు గాని, యేసేపు ప్లాస్టిక్ కవరు పక్క చూసి కింద కూచున్నాడు.

"వాన లేదంట సార్," అన్నాడు. "మబ్బు కూడా లేదంట. నీళ్లు ఎట్ల పెరిగినాయి?"

"పెరగలేదు. దోవ తప్పి గుంతలోకి దిగింటారు," అన్నాడు సారు.

అంజనమ్మ ఒక అడుగు ముందరికొచ్చింది. అప్పుడనింది. "సార్, ఎట్లన్నా వాన్ని తెప్పీండి. పానం పోయిందిలే, అది నాకు తెలుసు. మొగం ఒక్కసారి సూసుకుంటే సాలు. ఈడ మా అత్త పక్కన పెట్టుకుంటాం."

గౌరి లోపలి నుంచి నీళ్లు తెచ్చిచ్చింది. కంగారులో మామూలు గ్లాసులో తెచ్చింది.

సారు అట్లాసు తీసినాడు. బీఈడీ చదివేటప్పుడు కొన్నది, బ్రౌన్ పేపరు అట్ట, పైన ఆయన పేరు, సెక్షను కూడా రాసి ఉన్నాయి. వెతికి వెతికి ఆ ఏరును పట్టుకున్నాడు. తుంగభద్రను వేలంత లావుగా గీసినోళ్లు దీన్ని వెంట్రుక మాదిరి గీసినారు, పేరు కూడా పెట్టలేదు. సారుకు మాత్రం ఆ జాతి ఏర్లు బాగా తెలుసు. తూర్పుకు పారే చిన్న నదులని ఇరవై ఆరేండ్లుగా చెప్తాండే పాఠమే. ఇద్దరినీ కూచోబెట్టి నెమ్మదిగా చెప్పినాడు. ఇవి మన నదుల మాదిరి దూరం నుంచి వచ్చేటివి కాదు. సముద్రానికి దగ్గర్లోనే చిన్న కొండల్లో పుడతాయి, ఏడాదిలో ఎనిమిది నెలలు ఎండిపోయి ఉంటాయి, నూరు మైళ్లు కూడా నడవకముందే సముద్రంలో కలిసిపోతాయి. కలిసే కాడ వెడల్పవుతాయి, ఇసుక మేట వేస్తాయి. "పొట్టోళ్లు తొందరగా ఇల్లు చేరతారు" అని క్లాసులో ఈ తావులో ఒక జోకు వేస్తాడు, ప్రతి ఏడూ పిల్లోళ్లు నవ్వుతారు. ఆ దినం నాలిక చివర దాకా వచ్చినదాన్ని మింగేసినాడు. మింగినందుకు తనను తానే కొంచెం మెచ్చుకున్నాడు కూడా.

అప్పుడు గుర్తొచ్చింది, మధ్యాహ్నం ఉరుకుందు వాట్సాపులో ఏదో పంపించినాడని. ఫోన్ నిండిపోతుందని సారు ఫోటోలు తెరవడు, తెరవకుండానే బొటనవేలు బొమ్మ పెడతాడు. దానికీ పెట్టినాడు. ఇప్పుడు తెరిచినాడు. ఫోటో కింద ఉరుకుందు రాసినాడు: సార్, మీరు బోర్డు మీద గీసిన ఏరు. సముద్రం కుడిపక్క.

అంజనమ్మ ఫోన్ రెండు చేతులతో తీసుకునింది. వేళ్లతో పెద్దది చేసి మూలమూలా వెతికింది. ఫోటోలో ఏరు ఉంది, దిబ్బ ఉంది, నీళ్లలో పాతిన మొలలకు కట్టేసిన పడవలు నాలుగున్నాయి. ఉరుకుందు లేడు. ఫోటో తీసినోడు వాడే గదా. ఇసుక మీద వాని నీడ మాత్రం పడింది, తల కాడికొచ్చేతలికి ఫోటో అయిపోయింది.

"మొగం లేదు," అనింది. కొంచెంసేపు అట్లనే చూసి, "పడవలన్నీ ముక్కులు సముద్రం పక్కకు పెట్టుకోనుండాయేం సార్?" అని అడిగింది. అడగల్లని అడిగింది కాదు, ఏదో ఒకటి మాట్లాడకపోతే నిలబడలేక అడిగింది.

"సముద్రంలోకి పోనీకి రెడీగా పెట్టుకోనుంటారు," అన్నాడు సారు. జవాబు అంత తొందరగా ఎట్లొచ్చిందో ఆయనకే తెలీదు.

రంగన్నకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టినాడు. లక్ష్మప్ప కథ రంగన్నకూ తెలుసు కాబట్టి సారు గొంతు వినబడుతూనే వాని గొంతులో ధైర్యమొచ్చింది. పోలీసులు వచ్చి రాసుకోని పోయినారంట. ఊరోళ్లవి రెండు పడవలు తయారుగా ఉన్నాయంట. ఏ పక్క తోలమంటారు సార్ అన్నాడు. సారు చెప్పినాడు, పడిన తావు నుంచి కిందికి, రెండు గట్లూ చూసుకుంటా, మొగ దాకా. పదిమంది సముద్రం ఒడ్డున నిలబడల్ల.

"సార్, ఈడ పోలయ్యని ముసలాయన ఉండాడు, చేపలు పట్టేటాయన. ఆయన పైకి సూడండంటాడు."

"పైకంటే?"

"నీళ్లొచ్చే పక్కకు సార్. పోటు మీద పడినాడు, ఎగువకు పోయింటాడంటాడు."

సారుకు నవ్వొచ్చింది. చావింట్లో నవ్వకూడదు కాబట్టి ముక్కులోనే నవ్వినాడు. "రంగన్నా, నువ్వు కాలువ గట్టున పుట్టినోడివి. నీళ్లలో పడినోడు ఎప్పుడన్నా డ్యాము పక్కకు పోయినాడా?"

"లేదు సార్. నేనూ అదే అన్న్యా."

అంతలో ఆ ముసలాయనే ఫోన్ తీసుకున్నాడు. "అయ్యా, మీరెవరో నాకు తెలవదు. ఇది కాలవ కాదు, ఏరు. రేపు మజ్జానం పాటుకి నీళ్లు తీసినాక పైన మడచెట్ల కాడ బురద తేలుద్ది. ఆడ చూస్తే పిల్లోడు కనపడతాడు."

"పెద్దాయనా, ఈ ఏర్ల గురించి నేను ఇరవై ఆరేండ్లుగా చెప్తాండాను."

"చూశారా ఎప్పుడన్నా?"

"లైను సరిగా లేదు, రంగన్నకియ్యి," అన్నాడు సారు.

ఆ రెండిట్లో ఒక పడవ పోలయ్యదే. అయినా పోయినోని మనుషులు ఏ పక్క చూడమంటే ఆ పక్కకే గదా తోలల్ల. తోలినాడు.

ఆ సాయంత్రమే యేసేపు బస్సెక్కినాడు. సోమవారం నుంచి సారు సెలవు పెట్టినాడు. ఏడాదికిచ్చే సెలవులన్నీ డిసెంబరు దాకా దాచిపెట్టి, అప్పుడు ఏం చేసుకోవాలో తెలీక ఇంట్లో కూచునే మనిషి ఫిబ్రవరిలో సెలవు పెడితే హెడ్మాస్టరు ఆరోగ్యం బాగుందా అని అడిగినాడు. గంటకొకసారి రంగన్నకు ఫోన్. సముద్రంలో నీళ్లు ఉత్తరానికి లాగుతాయని చెప్పి, ఒడ్డున మనుషులను ఉత్తరానికి ఐదు మైళ్లు నడిపించినాడు. కాలనీ గ్రూపులో "నా సూచనల మేరకు గాలింపు కొనసాగుతోంది" అని పెట్టినాడు. నలభై ఒక్క దండాలొచ్చినాయి. ఒకాయన పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా చెప్పినాడు, పైనుండే మెసేజికి పెట్టబోయి దీనికి పెట్టినట్టుంది.

అంజనమ్మ పనికి రావద్దన్నా వచ్చింది. ఫోన్ ఈడ ఉంది గదా మరి. వెనక బండ మీద కూచోని, తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. ఫోన్ మోగినప్పుడల్లా చెయ్యి ఆపుతాంది, సారు తల అడ్డంగా ఊపినప్పుడల్లా మళ్లీ తోముతాంది. మంగళవారం సాయంత్రం యేసేపు వాళ్లమ్మ గోరీ పక్కన జాగా చూసి పెట్టమని తిరుపాల్‌కు ఫోన్లో చెప్పినాడంట. తిరుపాల్ అంటే యేసేపు తమ్ముడు. జాగా తవ్వి పెట్టినారు. నేల రాయి తగిలిందంట, గునపాలతో తవ్వినారంట. ఇవన్నీ అంజనమ్మ గౌరికి చెప్తాంటే సారు హాల్లో ప్లాస్టిక్ సోఫా మీద కదలకుండా విన్యాడు. కదిలితే అది చప్పుడు చేస్తుంది.

బుధవారం పొద్దున యేసేపే ఫోన్ చేసినాడు. సారు ఫోన్ తీసుకోని వాకిట్లోకి పోయినాడు.

"దొరికినాడు సార్."

"యాడ? మొగ కాడనా?"

"కాదు సార్. పైన. రెండు మైళ్లు పైన, మడచెట్ల యేర్లలో ఇరుక్కోనుండాడు."

"అట్ల జరగదే," అన్నాడు సారు, అలవాటు మీద.

"జరిగింది సార్," అన్నాడు యేసేపు. వాని గొంతులో కోపం లేదు. ఉండింటే సారుకు కొంచెం సులువయ్యేది. "మొగం సూపించేటట్ల లేదు. పీతలు... మా ఇంటిదానికి సెప్పొద్దు సార్. డాక్టరాయన ఈడనే కోసి, అంత దూరం తీసకపోనీకి కాదన్నాడు. ఈడ చర్చి వాళ్లుండారు, ఏటి గట్టున జాగా ఇచ్చినారు. మజ్జానానికి పెట్టేస్తాం."

ఫోన్ పెట్టేసి సారు వెనక్కి తిరిగితే అంజనమ్మ వాకిలి కాడ నిలబడి ఉంది. చేతులకు సబ్బు నురగ ఉంది. ఆయన చెప్పల్సిన పని పడలేదు.

ఆమె పోయినాక సారు ఆ ఫోటో మళ్లీ తెరిచినాడు. మొలకు ముక్కు కాడ తాడుతో కట్టిన పడవను నీళ్లు యా పక్కకు తోస్తే తోక ఆ పక్కకు తిరుగుతుంది. కాలువలో కట్టిన బర్రె తోక కూడా అట్లనే. దానికి పాఠం అక్కర లేదు, అట్లాసు అక్కర లేదు. నాలుగు పడవల తోకలూ కొండల పక్కకే ఉన్నాయి. అంటే ఆ ఫోటో తీసేటప్పటికే నీళ్లు సముద్రం నుంచి ఏట్లోకి ఎక్కుతాండాయి. మోకాలు లోతు దోవ రొమ్ముల లోతు అయింది అందుకే. అంజనమ్మకు కనపడింది. ఆయన కూడా చూసినాడు, చూసి జవాబు చెప్పినాడు.

టెక్స్ట్ బుక్కు తీసినాడు. నదులు మూడో పాఠం. ఆటుపోట్లు ఎనిమిదో పాఠం. సముద్రం దినానికి రెండుసార్లు పొంగి రెండుసార్లు దిగుతుందని అందులో ఉండనే ఉంది, బొమ్మతో సహా. ఇరవై ఆరేండ్లలో ఆ ఎనిమిదో పాఠం నీళ్లు మూడో పాఠంలోకి ఒక్కసారి కూడా రాలేదు. దాని నుంచి పరీక్షకు వచ్చేది రెండు మార్కులే, అందుకని ఇంటికాడ చదువుకోండని చెప్పి ఒక పీరియడ్‌లో దాటించేవాడు. ఎప్పుడో ఏ బ్యాచ్‌లోనో వెనక బెంచీ నుంచి ఎవరో లేచి, ఏరు పోయి సముద్రంలో పడితే సముద్రం గమ్మునుంటుందా సార్, అది ఏట్లోకి రాదా అని అడిగినారు. ముందు హోంవర్కు చూపించు అన్నాడు ఆయన. ఎవరు అడిగింది గుర్తు లేదు. ఉరుకుందు కాదని అనుకోనీకి ఆ వారమంతా శానా కష్టపడినాడు.

పేపరు ముక్కను గోడ మీద నుంచి తీసి బీరువా పైన పెట్టినాడు. ఆ తావులో గోడ తెల్లగా నలుచదరంగా మిగిలింది. గౌరి రెండు దినాలకు ఆడ క్యాలెండరు తగిలించింది.

ఉరుకుందు పోయిన పన్నెండో దినం అంజనమ్మ పనికొచ్చింది, వెనక గేటులోనుంచి. మార్కెట్ యార్డులో తిరుపాల్ కొట్టిన గుండు మీద టోపీ పెట్టుకోని మూటలెత్తుతాండాడని, యేసేపు తిండి తింటాండాడు గాని ఏం తిన్యాడని అడిగితే చెప్పలేకపోతాండాడని, గౌరి అడగ్గా అడగ్గా చెప్పింది. తవ్విపెట్టిన జాగా ఏం చేసినారని గౌరి అడగలేదు. అంజనమ్మే చెప్పింది. పూడ్చేసినారంట. ఖాళీగా తెరిచి పెట్టకూడదని పెద్దోళ్లన్నారంట.

సారు వెనక వాకిట్లోకి వచ్చినాడు. బస్సు టైమయింది, చేతిలో బ్యాగుంది. బ్యాగు కింద పెట్టినాడు. క్లాసులో ఒక్క రోజూ తడబడని మనిషికి మాట మొదలుపెట్టనీకి రెండుసార్లు గొంతు సవరించుకోవాల్సొచ్చింది.

"అంజనమ్మా, ఆ ముసలాయన చెప్పిందే నిజం. నేను తప్పు చెప్పినాను. నా మాట వినకుండా ఉంటే సోమవారం మధ్యాహ్నానికే దొరికేవాడు."

ఆమె గిన్నె తిప్పి అడుగు తోమింది. "తెలుసు సార్. రంగన్న వచ్చినప్పుడు ఏడ్సుకుంటా సెప్పినాడు."

"ఒక్క మాట కూడా అనకపోతివి."

"ఏమనేది? పోలీసాయన తెలీదన్నాడు. పాస్టరు దేవునికి తెలుసన్నాడు. మీరొక్కరే ఫలానా తావని సెప్పినది. ఆ మూడు దినాలు నేను దాన్ని పట్టుకోనే కూకున్న్యా." గిన్నె కడిగి బోర్లించింది. "సెప్పకుండా ఉంటే బాగుండు సార్."

సారు నిలబడినాడు. రోడ్డు మీద ఆదోని బస్సు హారను కొట్టుకుంటా పోయింది. ఆ హారను ఏ డ్రైవరుదో ఆయన చెప్పగలడు, చెప్పలేదు.

"సార్, ఒక మాట అడగల్ల," అనింది అంజనమ్మ. "ఆ పోటు నీళ్లు గట్టెక్కుతాయా? మా ఇంటాయన గట్టు మీద పెట్టినామంటాడు, ఎంత ఎత్తు మీదనో ఆయనకు సెప్పనీకి రావడం లేదు. ఉప్పు నీళ్లంట గదా. వాని మీదికి వస్తాయా అవి?"

రావు అనే మాట తయారుగా ఉంది. ఆమె దానికోసమే అడిగింది కూడా. సారు నోరు తెరిచినాడు. గట్టు ఎత్తు, ఇసుక, చంద్రుడు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చి నిలబడినాయి, ఎప్పటి మాదిరే.

"నాకు తెలీదు, అంజనమ్మా," అన్నాడు.

వంటింట్లో గౌరి కొళాయి కట్టేసింది.

సారు జేబులోనుంచి ఫోన్ తీసి రంగన్నకు చేసి పోలయ్య నంబరు అడిగినాడు. తప్పు పోకుండా రెండుసార్లు చెప్పించుకోని అరచేతిలో రాసుకున్నాడు. కలిపి, స్పీకరు పెట్టి, బండ పక్కన చెప్పులు విడిచి కింద కూచున్నాడు. ఇస్త్రీ ప్యాంటు తడిసింది.

"పోలయ్యన్నా, నేను ఎమ్మిగనూరు నుంచి. ఆ దినం ఫోన్లో మాట్లాడినాను, సారును."

ఆ పక్క గాలి చప్పుడు. "చెప్పండయ్యా."

"చెప్పనీకి కాదన్నా. అడగనీకి చేసినాను."

అడిగినాడు. పక్కన ఆ తల్లి ఉందని కూడా చెప్పినాడు. ముసలాయన గొంతు తగ్గింది.

"అమ్మా, బిడ్డని పెట్టిన చోటు నేను చూశాను. మామూలు పోటుకైతే రావు, అది నేను రోజూ చూస్తున్నదే. పున్నమి పోటు పెద్దది. అది ఆడదాకా వస్తదో రాదో, ఆ గట్టు మీద నేనెప్పుడూ నిలబడి చూడలేదు. పున్నమికి పోయి నిలబడి చూసి ఫోన్ చేస్తా. చూడకుండా ఎట్టా చెప్పేది?"

"సరే నాయనా," అనింది అంజనమ్మ.

ఫోన్ కట్టయింది. ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకోని, మళ్లీ ఏం గుర్తొచ్చిందో, ఇంకో గిన్నె దగ్గరికి లాక్కునింది.

"పున్నమి ఎప్పుడు సార్?"

సారు లేచి, తడి ప్యాంటుతోనే హాల్లోకి పోయి, పేపరు ముక్క ఉండిన తావులో ఉండే క్యాలెండరు ముందర నిలబడినాడు. వేలు పెట్టి గడులు లెక్కబెట్టినాడు. ఒకసారి లెక్కబెట్టి, మళ్లీ మొదటి నుంచి లెక్కబెట్టి, తిరిగొచ్చి చెప్పినాడు.

"ఇంకా నాలుగు దినాలుంది."